కారు కొత్తదే... చల్లదనమేదీ?

* రహదారిపై చలి, కూడలిలో ఉక్కపోత
* లోపమా, యంత్ర స్వభావమా తేల్చుకునే మార్గాలివే
* గ్యాస్ నింపించడానికి ముందు జాబ్ కార్డు ముఖ్యం

అమీర్‌పేట, పంజాగుట్ట: కొత్త కారు కొన్న సంబరం అమీర్‌పేట కూడలికి చేరేసరికి చెమటగా మారుతోంది. సంగారెడ్డి, జహీరాబాద్ వైపు నుంచి పెద్దలను పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో చూపించడానికి బయలుదేరే కుటుంబాలకు ఇది పరిచయమైన అనుభవమే. పటాన్‌చెరు వరకు చలి పుట్టించిన ఏసీ కూకట్‌పల్లి దాటగానే మెత్తబడుతుంది. ఎర్రగడ్డ, ఎస్సార్‌నగర్ మీదుగా మైత్రీవనం వద్దకు వచ్చేసరికి గ్రిల్‌లోంచి గోరువెచ్చని గాలి వస్తుంది. వెనుక సీటులోని పెద్దావిడ పమిట చెంగుతో విసురుకుంటుంది. బ్యాంకు రుణం తీసుకుని, లక్షలు పోసి కొన్న వాహనం నెల తిరక్కుండానే ఇలా ఎందుకైందన్న అనుమానం యజమానిని పట్టుకుంటుంది. షోరూంలో పాత సరుకు అంటగట్టారా, గ్యాస్ తక్కువగా నింపారా అన్న ప్రశ్నలు మొదలవుతాయి. కొందరైతే ఆ సాయంత్రమే దారిలో కనిపించిన గ్యారేజీలో గ్యాస్ నింపించి, లేని సమస్యను కొనితెచ్చుకుంటారు.

నిజానికి కొత్త కారులో ఏసీ బలహీనంగా ఉందన్న ఫిర్యాదు వెనుక రెండు వేర్వేరు సంగతులు ఉంటాయి. ఒకటి యంత్రం స్వభావం. రెండోది తయారీలోనో, బిగింపులోనో జరిగిన లోపం. మొదటిదానికి అలవాట్లు మార్చుకుంటే చాలు. రెండోదానికి వారంటీ, చట్టం రెండూ అండగా ఉన్నాయి. ఈ రెంటినీ విడదీసి చూపే ప్రశ్న ఒక్కటే. చల్లదనం ఎప్పుడు తగ్గుతోంది? దీనికి సరైన జవాబు రాసిపెట్టుకున్న యజమాని సగం పని పూర్తి చేసినట్లే.

చల్లదనం పుట్టేదిలా...

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని తీసుకెళ్లి బయట పారబోస్తుంది. ఈ మోత పని చేసేది గొట్టాల్లో తిరిగే శీతలీకరణ వాయువు. కంప్రెసర్ దీన్ని గట్టిగా నొక్కుతుంది. నొక్కుడుకు వేడెక్కిన వాయువు కారు ముందు భాగంలో, రేడియేటర్‌కు ఎదురుగా ఉండే కండెన్సర్‌లోకి వెళ్తుంది. అక్కడ బయటి గాలి తగిలి వేడిని వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం సన్నని వాల్వు గుండా దాటి డాష్‌బోర్డు లోపల ఉండే ఎవాపరేటర్‌లో ఒక్కసారిగా విచ్చుకుని ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. తడి గుడ్డ చుట్టిన కుండలో నీరు చల్లబడటానికి కారణమైన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఇలా చల్లబడిన గాలిని బ్లోయర్ మనపైకి తోస్తుంది. గాలిలోని తేమ నీటి చుక్కలై గొట్టం ద్వారా కారు కిందికి కారిపోతుంది. కొత్త కారు కింద నీరు కారుతోందని కంగారు పడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అది ఏసీ పనిచేస్తోందనడానికి గుర్తు. ఆ నీరు కారు లోపల కాళ్ల వద్ద చేరితేనే గొట్టం మూసుకుపోయినట్లు.

అమెరికాలో విల్లిస్ క్యారియర్ 1902లో ఒక ముద్రణాలయం కోసం ఆధునిక ఏసీకి రూపకల్పన చేశారు. కార్లలోకి అది రావడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. ప్యాకార్డ్ సంస్థ 1939లో తొలిసారిగా ఏసీ ఉన్న కార్లను ప్రకటించింది. ఆ కార్లలో కంప్రెసర్‌ను నిలిపివేయాలంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు తీయాల్సి వచ్చేది. మన దేశంలో 1983 డిసెంబరులో మారుతీ 800 రోడ్డెక్కిన నాటికి కారు ఏసీ అంటే విలాసమే. ఇప్పుడు లారీ డ్రైవర్ల క్యాబిన్‌కు సైతం అది అవసరమని ప్రభుత్వమే గుర్తించింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరకు రవాణా వాహనాల క్యాబిన్లలో ఏసీని తప్పనిసరి చేసింది. అయితే ఇంజిన్‌తో నడిచే కార్లలో ఒక బంధం ఎనిమిది దశాబ్దాలుగా మారలేదు. కంప్రెసర్‌ను తిప్పేది ఇంజిన్ బెల్టే.

అమీర్‌పేటలోనే ఎందుకిలా?

ఈ బెల్టు బంధంలోనే అమీర్‌పేట చిక్కుముడి ఉంది. రహదారిపై ఇంజిన్ నిమిషానికి 2000కు పైగా చుట్లు తిరుగుతుంది. సిగ్నల్ వద్ద ఆగితే అది 700 నుంచి 900 చుట్లకు పడిపోతుంది. కంప్రెసర్ వేగమూ దానితో పాటే తగ్గుతుంది. తిప్పే చేయి నెమ్మదిస్తే గిలకపై బొక్కెన నెమ్మదిగా పైకి రావడం ఎంత సహజమో, వేడిని తోడిపోసే పని మందగించడమూ అంతే సహజం.

రెండో కారణం గాలి. రహదారిపై ఎదురుగాలి కండెన్సర్‌ను నిరంతరం చల్లబరుస్తుంది. ఆగిన కారులో ఆ భారమంతా ఒక్క విద్యుత్ ఫ్యాన్‌పై పడుతుంది. ఆ ఫ్యాన్ పీల్చుకునే గాలి కూడా చల్లనిది కాదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వరకు రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు, ఇరువైపులా ఎత్తయిన భవనాలు, ముందు బస్సు, పక్కన ఆటో, కింద కాగిన తారు. వాతావరణ శాఖ హైదరాబాద్ ఉష్ణోగ్రతను కొలిచేది పక్కనే ఉన్న బేగంపేటలో. అక్కడ 1966 జూన్ 2న నమోదైన 45.5 డిగ్రీలు నగరంలో గరిష్ఠ రికార్డు. అయితే ఆ కొలత నీడలో, గాలి ఆడే తెల్లని పెట్టెలో తీసేది. వాహనాల బారు మధ్య, నేలకు రెండడుగుల ఎత్తులో కండెన్సర్‌కు తగిలే గాలి అంతకన్నా ఎంతో వేడిగా ఉంటుంది.

మూడో కారణం వాన. జూన్ దాటి ఎండ తగ్గినా ఏసీ అంతగా చల్లబరచడం లేదని కొందరు అంటారు. గాలిలో తేమ పెరిగితే ఏసీ తన శక్తిలో గణనీయమైన భాగాన్ని ఆ తేమను నీరుగా మార్చడానికే ఖర్చు చేస్తుంది. మిగిలినదే మనకు చల్లదనంగా అందుతుంది.

విద్యుత్ కార్లలో, కొన్ని హైబ్రిడ్ కార్లలో కంప్రెసర్‌కు సొంత మోటారు ఉంటుంది. కాబట్టి సిగ్నల్ వద్ద ఆగినా అది నెమ్మదించదు. అయితే చాలా విద్యుత్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేదీ ఇదే వ్యవస్థ. మండుటెండలో వేగంగా చార్జింగ్ చేస్తూ లోపల కూర్చుంటే చల్లదనంలో కొంత వాటా బ్యాటరీకి వెళ్తుంది.

ఎండలో నిలిపితే పొయ్యే

ఆసుపత్రి పని ముగించుకుని వచ్చేసరికి కారు కొలిమిలా ఉండటం మరో సాధారణ ఫిర్యాదు. అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో దీన్ని కొలిచి చూపారు. మన మే నెలను తలపించే ఎండలో గంటసేపు నిలిపిన కార్ల లోపల గాలి సగటున 47 డిగ్రీలకు చేరింది. స్టీరింగ్ 53 డిగ్రీలు, డాష్‌బోర్డు 69 డిగ్రీలు తాకాయి. నీడలో నిలిపిన కార్ల లోపల గాలి 38 డిగ్రీల వద్దే ఉంది. గాలిని చల్లబరచడం ఏసీకి నిమిషాల పనే. కాగిన డాష్‌బోర్డు, సీట్లు, పైకప్పు తమ వేడిని చాలాసేపటి దాకా వదులుతూనే ఉంటాయి. పైకప్పుకు అద్దం ఉన్న కార్లలో ఈ భారం మరింత ఎక్కువ. లోపలి తెరను మూసి ఉంచడం ఉత్తమం.

కారెక్కగానే అన్ని అద్దాలూ మూసి ఏసీని గరిష్ఠంగా పెట్టడం చాలామంది చేసే పని. దానికన్నా ముందు నాలుగు తలుపులూ తెరిచి వేడి గాలిని పోనివ్వాలి. అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడపాలి. తర్వాత అద్దాలు ఎత్తి, లోపలి గాలినే తిప్పే మీట నొక్కాలి. అప్పుడు ఏసీ 47 డిగ్రీల గాలితో కాకుండా బయటి 40 డిగ్రీల గాలితో పని మొదలుపెడుతుంది. ఒకసారి చల్లబడ్డాక ఆ చల్లని గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. దూర ప్రయాణంలో మాత్రం అరగంటకోసారి కొద్దిసేపు బయటి గాలిని లోపలికి రానివ్వాలి. లేకుంటే ఊపిరితో వెలువడే బొగ్గుపులుసు వాయువు పెరిగి తల బరువెక్కుతుంది, డ్రైవరుకు కునుకు వస్తుంది.

నల్ల ఫిల్ములు అతికించి ఎండను ఆపాలనుకునేవారు చట్టాన్ని గుర్తుంచుకోవాలి. ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును లోపలికి పోనివ్వాలని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. అద్దాలపై నల్ల ఫిల్ములను సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న నిషేధించింది. తర్వాత నిబంధనలు సవరించారు. ప్రమాణాలకు లోబడిన పారదర్శక ఫిల్ములు వాడవచ్చని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో తీర్పునిచ్చింది. ఏది ఏమైనా కనీస వెలుతురు శాతం మాత్రం తప్పనిసరి. కారు నిలిపినప్పుడు ముందు అద్దానికి అడ్డుపెట్టే మడత అట్టతో ఏ చిక్కూ లేదు, ఖర్చూ తక్కువ.

కొత్త కారులో పాత పొరపాట్లు

కొత్త కారులోని అసౌకర్యానికి కొన్నిసార్లు యజమాని అలవాట్లే కారణమవుతాయి. సీట్లు మాసిపోతాయని కంపెనీ తొడిగిన పాలిథిన్ కవర్లను నెలల తరబడి తీయనివారు ఎందరో. ఆ కవర్లు వీపుకు గాలి తగలనివ్వవు. ఏసీ ఎంత చల్లగా ఉన్నా చొక్కా తడిసిపోతుంది. కొత్త ప్లాస్టిక్, జిగురుల నుంచి వెలువడే ఘాటు వాసన ఎండకు పెరిగి కొందరికి తలనొప్పి, వికారం తెప్పిస్తుంది. వాహన పూజ ముగిసిన రోజే కవర్లు తీసివేసి, తొలి వారాల్లో కారును నీడలో తలుపులు తెరిచి గాలికి ఉంచడం మేలు. బయట కొన్న మందపాటి సీటు కవర్లు వేయించేవారు సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉందేమో ముందుగా చూసుకోవాలి. అది తెరుచుకునే చోటును కవరు మూసేయకూడదు.

* సిగ్నల్ వద్ద ఇంజిన్ దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఇప్పుడు చాలా కార్లలో ఉంది. ఇంజిన్ ఆగితే బెల్టుతో తిరిగే కంప్రెసర్ కూడా ఆగుతుంది. బ్లోయర్ మాత్రం ఉత్త గాలిని తోస్తుంది. పెద్దలు, రోగులు కారులో ఉన్నప్పుడు ఈ మీటను ఆపి ఉంచుకోవచ్చు.
* ఇంధనం ఆదా చేసే 'ఎకో' పద్ధతిలో కొన్ని కార్లు ఏసీని కూడా పొదుపుగా నడుపుతాయి. మిట్ట మధ్యాహ్నం దాన్ని తీసి చూడాలి.
* చేత్తో తిప్పే ఏసీలో ఉష్ణోగ్రత మీట నీలి రంగు చివర నుంచి కాస్త జరిగినా హీటర్ గాలి కలుస్తుంది. పిల్లలు తిప్పిన మీట వల్ల సర్వీసు కేంద్రానికి వెళ్లిన సందర్భాలూ ఉంటాయి.
* చిన్న కార్లలో వెనుక సీటుకు ప్రత్యేక గ్రిల్ ఉండదు. ముందు గ్రిల్‌లను ముఖానికి కాకుండా సీట్ల మధ్యగా, కొంచెం పైకి తిప్పితే చల్లని గాలి వెనక్కి చేరుతుంది.
* అందం కోసం ముందు భాగంలో బిగించే అదనపు గ్రిల్, పెద్ద లైట్లు, హారన్లు కండెన్సర్‌కు గాలి అందకుండా చేస్తాయి.
* కొత్త కారు రాళ్లపై నడిచినట్లు కుదుపుతోందంటే టైర్లలో గాలి చూడాలి. రవాణాలో, యార్డులో నిలిపి ఉంచినప్పుడు టైర్లలో ఎక్కువ గాలి నింపుతారు. అప్పగించే ముందు దాన్ని తగ్గించడం ఒక్కోసారి మరచిపోతారు. ఎంత ఉండాలన్నది సాధారణంగా డ్రైవరు తలుపు వద్ద అతికించిన చీటీపై ఉంటుంది.

పావుగంట పరీక్ష

అనుమానం తీరాలంటే కొలవాలి. వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటర్ చాలు. జ్వరం చూసేది పనికిరాదు. కారును నీడలో చల్లారనిచ్చి, అద్దాలన్నీ మూసి, లోపలి గాలి తిరిగే మీట నొక్కి, ఉష్ణోగ్రతను కనిష్ఠానికి పెట్టాలి. థర్మామీటర్ కొనను మధ్య గ్రిల్‌లో ఉంచి, రద్దీ లేని రోడ్డుపై పది నిమిషాలు నడపాలి. పక్కన కూర్చున్నవారు అంకె రాసుకోవాలి. తర్వాత కారు ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే ఐదు నిమిషాలకు మరోసారి రాయాలి. బయటి ఉష్ణోగ్రతనూ పక్కనే నమోదు చేయాలి.

బయట 38, 40 డిగ్రీలున్నప్పుడు నడుస్తున్న కారు గ్రిల్ వద్ద గాలి అంతకన్నా 20 డిగ్రీలకు పైగా తక్కువ ఉంటే ఏసీ దాదాపు సవ్యంగా ఉన్నట్లే. నిలిపినప్పుడు కొన్ని డిగ్రీలు పెరగడం సహజం. కచ్చితమైన అంకె మోడల్‌ను బట్టి మారుతుంది. అది తయారీ సంస్థ సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. అంతకన్నా బలమైన పరీక్ష మరొకటి ఉంది. అదే మోడల్‌కు చెందిన షోరూం కారును, సొంత కారును ఒకే రోజు, ఒకే వేళ, ఒకే చోట నిలిపి కొలవాలి. రెండింటి అంకెలూ ఒక్కటే అయితే అది ఆ మోడల్ స్వభావం. ఐదారు డిగ్రీల తేడా ఉంటే లోపం ఉందనడానికి అదే సాక్ష్యం.

లక్షణాన్ని బట్టి లోపం

ఎప్పుడు తగ్గుతోందన్నది రాసుకుంటే లోపం ఎక్కడుందో చాలావరకు అంచనాకు వస్తుంది.

* నడుస్తుంటే చల్లగా ఉండి, ఆగిన రెండు మూడు నిమిషాల్లోనే పూర్తిగా వేడి గాలి వస్తుంటే కండెన్సర్ ఫ్యాన్ తిరగడం లేదేమో చూడాలి. ఇంజిన్ వేడి ముల్లు కూడా పైకి పాకుతుంటే వెంటనే ఆపాలి.
* రహదారిపైనా, కూడలిలోనూ ఒకే తీరున బలహీనంగా ఉండి, రోజురోజుకూ తగ్గుతుంటే గ్యాస్ కారుతున్నట్లు. గొట్టాల అతుకుల వద్ద రబ్బరు వలయం సరిగా కూర్చోకపోవడం, రాయి తగిలి కండెన్సర్‌కు చిల్లు పడటం కారణాలు కావచ్చు.
* మొదట బాగా చల్లగా ఉండి, అరగంట తర్వాత గాలి ధార తగ్గి, ఏసీ ఆపి మళ్లీ వేస్తే కోలుకుంటుంటే ఎవాపరేటర్‌పై మంచు పేరుకుంటున్నట్లు. ఉష్ణోగ్రతను పసిగట్టే సెన్సర్‌ను పరీక్షించాలి.
* ఒక పక్క గ్రిల్‌లో చల్లని గాలి, మరో పక్క వెచ్చని గాలి వస్తుంటే వేడి, చల్లని గాలులను కలిపే లోపలి రెక్క ఇరుక్కుని ఉండవచ్చు. గ్యాస్ తగ్గినా కొన్ని కార్లలో ఇలాగే ఉంటుంది.
* గాలి చల్లగానే ఉన్నా ధార సన్నగా ఉంటే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో నిండినట్లు. నిర్మాణాల దుమ్ము ఎక్కువున్న నగరంలో దీన్ని ప్రతి సర్వీసులోనూ తీసి చూడాలి.
* నిన్నటి వరకు బాగున్న ఏసీ ఉన్నట్టుండి ఆగిపోతే బానెట్ ఎత్తి తీగలు చూడాలి. అపార్టుమెంట్ల సెల్లార్లలో ఎలుకలు తీగలు కొరకడం మామూలే. ఈ నష్టం సాధారణంగా వారంటీలోకి రాదు. బీమా వర్తిస్తుందేమో పాలసీ చూసుకోవాలి.

గ్యాస్ పేరిట నష్టం

ఏసీ గ్యాస్ పెట్రోలు మాదిరి ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. కొత్త కారులో తగ్గిందంటే ఎక్కడో కారినట్లే. కారే చోటు కనిపెట్టకుండా నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. పైగా ఎంత నింపాలన్నది గ్రాముల లెక్క. చిన్న కార్లలో ఇది అరకిలో లోపే. ఆ పరిమాణం, గ్యాస్ రకం బానెట్ కింద చీటీపై రాసి ఉంటాయి. తూకం లేకుండా, కేవలం ఒత్తిడి ముల్లు చూసి అదనంగా నింపితే చల్లదనం పెరగదు సరికదా తగ్గుతుంది. కంప్రెసర్‌పై భారమూ పడుతుంది.

చాలా కార్లలో ఆర్-134ఏ అనే వాయువు ఉంటుంది. ఓజోన్ పొరకు చేటు చేసే పాత ఆర్-12 స్థానంలో, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఇది వచ్చింది. ఇది ఓజోన్‌కు హాని చేయదు. కానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు పైగా శక్తిమంతం. కాబట్టి దాన్ని గాలిలోకి వదిలేయడం ఇంటికీ, ఊరికీ నష్టమే. కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ వాడుతున్నారు. ఒకదాని బదులు మరొకటి నింపకూడదు. చవకగా వస్తుందని వంటగ్యాస్ వంటి మండే వాయువులు కలిపిన సిలిండర్లతో నింపిస్తే ప్రమాదం. వారంటీలో ఉన్న కారుకు బయటి గ్యారేజీలో గొట్టాలు విప్పిస్తే ఆ తర్వాత హక్కు అడగడం కష్టమవుతుంది.

జాబ్ కార్డే ఆయుధం

సర్వీసు కేంద్రంలో తరచూ వినిపించే మాట 'అన్నీ బాగానే ఉన్నాయి' అన్నదే. ఉదయం పది గంటలకు, నీడలో, ఖాళీ కారులో చూస్తే నిజంగానే అన్నీ బాగుంటాయి. అందుకే ఫిర్యాదును నోటితో చెప్పి రాకూడదు. జాబ్ కార్డులో 'ఏసీ తనిఖీ' అని రాస్తే ఒప్పుకోకూడదు. 'మధ్యాహ్నం 2 గంటలకు, బయట 39 డిగ్రీలున్నప్పుడు, నడుస్తుండగా గ్రిల్ వద్ద 24 డిగ్రీలు' అంటూ సొంతంగా తీసిన కొలతను రాయించాలి. సాంకేతిక నిపుణుడిని పక్కన కూర్చోబెట్టుకుని, లోపం కనిపించే వేళలోనే కారు నడిపి చూపించాలి. కారు తిరిగి ఇచ్చేటప్పుడు వారు కొలిచిన అంకెలు, తీసిన గ్యాస్ ఎన్ని గ్రాములు, నింపింది ఎన్ని గ్రాములు అన్నవి కాగితంపై తీసుకోవాలి. ప్రతిసారీ జాబ్ కార్డు నకలు దాచుకోవాలి. రెండోసారీ పరిష్కారం కాకుంటే తయారీ సంస్థ వినియోగదారుల విభాగానికి ఈమెయిల్ రూపంలో రాయాలి. మొదటి ఉచిత సర్వీసు సాధారణంగా నెల రోజులకో, వెయ్యి కిలోమీటర్లకో ఉంటుంది. అంతవరకు ఆగకుండా లోపం కనిపించిన వారంలోనే నమోదు చేయించడం మంచిది.

కమిషన్‌ను ఆశ్రయించవచ్చు

సంస్థ పట్టించుకోకపోతే ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా ఫలితం లేకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ఒక పెద్ద వెసులుబాటు కల్పించింది. కొన్నచోటనే కాకుండా తాను నివసించే, లేదా పనిచేసే జిల్లాలోనూ ఫిర్యాదు చేయవచ్చు. పంజాగుట్టలో కారు కొన్న సంగారెడ్డి వాసి హైదరాబాద్ చుట్టూ తిరగనక్కరలేదన్న మాట.

వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్ విచారిస్తుంది. రుసుము కూడా స్వల్పమే. ధర 5 లక్షల లోపైతే ఏమీ లేదు. 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు వెయ్యి రూపాయలు. ఫిర్యాదుకు కారణం తలెత్తిన రెండేళ్లలోగా దాఖలు చేయాలి. న్యాయవాది లేకుండా వినియోగదారుడే వాదించుకోవచ్చు. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేసే వీలుంది. పరీక్ష జరిపితే తప్ప లోపం తేలదనుకుంటే కమిషన్ ఆ వస్తువును తగిన ప్రయోగశాలకు పంపవచ్చు.

ఆశలకు ఒక హద్దు కూడా ఉంది. ఏసీ సరిగా లేదు కాబట్టి కారు మొత్తం మార్చి ఇవ్వాలని చాలామంది కోరతారు. మారుతీ ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు 2006లో ఈ విషయం తేల్చింది. వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చడం గురించి చెబుతుంటే కారునే మార్చాలనడం కుదరదని స్పష్టం చేసింది. కాబట్టి కంప్రెసర్, కండెన్సర్ వంటి లోపమున్న భాగాన్ని ఉచితంగా మార్చడం, పడిన ఇబ్బందికి పరిహారం, ఖర్చులు కోరడం ఆచరణయోగ్యం. తేదీలవారీగా ఉన్న జాబ్ కార్డులు, కొలతలు అక్కడ మాట్లాడతాయి. కోపం మాట్లాడదు.

ప్రాణాలతో చెలగాటం వద్దు

అసౌకర్యం వేరు, ప్రమాదం వేరు. ఏసీ ఎంత బాగున్నా నిలిపిన కారులో పసిపిల్లలను, వృద్ధులను ఒంటరిగా వదిలి మందుల దుకాణానికి వెళ్లకూడదు. ఏసీ ఆగిన పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల వరకు పెరగగలదు. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద ప్రయోజనం ఉండదు. పిల్లల శరీరం పెద్దలకన్నా వేగంగా వేడెక్కుతుంది. రోగి బంధువులు రాత్రివేళ సెల్లార్‌లో ఇంజిన్ నడుపుతూ, ఏసీ వేసుకుని నిద్రపోవడం అంతకన్నా ముప్పు. గాలి ఆడని చోట పొగగొట్టం నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆసుపత్రి నుంచి తెచ్చిన ఇన్సులిన్‌ను నిలిపిన కారులో వదిలితే ఆ వేడికి దాని శక్తి నశిస్తుంది. దాన్ని చల్లని సంచిలో వెంట తీసుకెళ్లాలి.

నిమ్స్‌కు పెద్దావిడను తీసుకొచ్చే కుటుంబం బయలుదేరే ముందు చేయగలిగినవి కొన్నే. సీటు కవరు తీయడం, ఎస్సార్‌నగర్‌కు ముందే సిగ్నల్ వద్ద ఇంజిన్ ఆపే మీటను నిలిపివేయడం, గ్రిల్‌ను వెనక్కి తిప్పడం, నీళ్ల సీసా అందుబాటులో ఉంచడం. ఇవన్నీ చేశాక కూడా పంజాగుట్ట చేరేసరికి ఆమె విసురుకుంటూనే ఉంటే అప్పుడు థర్మామీటర్ తీయాలి. ఆ అంకె, ఆ వేళ ఒక కాగితంపై రాసుకుని మరుసటి రోజే సర్వీసు కేంద్రం మెట్లెక్కాలి.